బోర్లించిన తొట్టి

నేను ఒక రాతి తొట్టిని. మామూలు తొట్టిని కాను, జ్ఞానస్నానపు తొట్టిని. ఐర్లండ్‌లో కిల్‌వర్నా అనే పల్లెలో ఎనిమిది వందల ఏళ్ళ కిందట చర్చి కట్టి, నన్ను గుమ్మం పక్కన నిలబెట్టారు. ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డ నెత్తిన నా నీళ్ళు పడాలి. పడితే దేవుడి బిడ్డ, పడకపోతే కాదట! ఎవడు పెట్టాడో ఈ రూలు. నన్నడిగి ఉంటే నవ్వి ఊరుకునేదాన్ని.

యుద్ధాల్లో చర్చి కప్పు కూలిపోయింది. భక్తులు గోడల రాళ్ళు మోసుకుపోయి గొడ్లపాకలు కట్టుకున్నారు, ఆ చేతులతోనే సిలువ గుర్తూ వేసుకున్నారు. నేను బరువెక్కువ కాబట్టి ముళ్ళపొదల్లో మిగిలాను.

ఊరవతల కొత్త చర్చి, కొత్త సమాధుల తోట వెలిశాయి. ఊనా అనే పిల్లకు తొలి కాన్పులో ఆడబిడ్డ పుట్టి, ఫాదర్ వచ్చేలోపే కన్నుమూసింది. "నీళ్ళు పడని బిడ్డకు ఇక్కడ చోటు లేదు" అన్నాడాయన. మహా పెద్దమనిషి! ఊనా మొగుడు డోనల్ బిడ్డను సబ్బులొచ్చిన చెక్కపెట్టెలో పెట్టి తెచ్చి నా పక్కనే పాతిపెట్టాడు. అలాంటి బిడ్డలకు సిలువ పెట్టకూడదు, పేరు చెక్కకూడదు. అందుకని గుర్తుగా నన్ను దొర్లించి ఆ మట్టి మీద బోర్లించాడు. నీళ్ళకు నోచుకోని బిడ్డ మీద నీళ్ళ తొట్టి! ఏడవాలో నవ్వాలో తెలియక అరవై ఏళ్ళు అలాగే పడున్నాను. ఊనా వచ్చి నా వీపు మీద చెయ్యి వేసి వెళ్ళేది. డోనల్ పోయాక కూడా మానలేదు.

మొన్న మ్యూజియం నుంచి ఒకాయన టేపు పట్టుకుని దిగాడు. కూలీల చేత నన్ను తిప్పి నిలబెట్టించి, "ఎవరికీ అక్కరలేక పడి ఉంది" అని పుస్తకంలో రాసుకున్నాడు. చదువుకున్నవాడు మరి! లారీ కూడా తెచ్చాడు. అంతలో కర్ర ఊతంగా ఊనా వచ్చింది.

"ఆగు నాయనా. దీన్ని తీసుకుపోతే నా బిడ్డ ఎక్కడుందో నాకెట్లా తెలుస్తుంది?"

"ఇక్కడ సమాధి ఉన్నట్టు ఏ రికార్డులోనూ లేదమ్మా."

"ఎందుకుంటుందయ్యా? మట్టిలోనే చోటు లేదన్నారు, కాగితంలో ఇస్తారా?"

ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. లారీ ఖాళీగా వెళ్ళిపోయింది. నన్ను మళ్ళీ బోర్లించాలని ఎవరికీ తోచలేదు.

ఇక్కడి వాన సంగతి మీకేం తెలుసు! మర్నాటికే నిండిపోయాను. ఊనా వచ్చి, దోసిట్లో నా నీళ్ళు తీసుకుని ఆ మట్టి మీద పోసింది.

"గ్రాన్యా" అని పిలిచింది. అరవై ఏళ్ళుగా ఎవరికీ చెప్పని పేరు.

ఇప్పుడు చెప్పమనండి ఆ ఫాదర్‌ని, చోటు లేదని!