అబ్బులు కాలిలో దరువు

పోర్టులో లారీ మీద నుంచి దూకి దిగడం అబ్బులుకి రోజూ ఉండే పనే. తప్పెటగుళ్ళు ఆడే మనిషికి నిచ్చెనతో ఏం పని? గుండెల మీద రేకు తప్పెట్లు కట్టుకుని, ఎగిరెగిరి వాయిస్తూ మల్కాపురం జట్టుని నడిపేవాడు అతనే. తొంభై ఎనిమిదో సంవత్సరం వానల్లో మాత్రం దూకినచోట ఇనప ఖనిజం తడిసి బురదై ఉంది. కాలెముక సరిగ్గా మోకాలి కీలు కిందే ముక్కలైంది.

డాక్టర్ భీమశంకరరావు కుంగిన ఎముకని పైకెత్తి, ఆ ఖాళీలో తుంటి నుంచి తీసిన ఎముక కూరి, పక్కన స్టీలు ప్లేటు పెట్టి స్క్రూలు బిగించాడు.

"మన ఊరి ప్లాంటు స్టీలేనా బాబూ?" మత్తు దిగగానే అడిగాడు అబ్బులు.

"కాదు, బయటిది."

"అలగైతే నా ఎముకతో కలుత్తాదేటి?"

కుట్లు ఎండకముందే ప్లేటు దరువు వేయడం మొదలుపెట్టింది. అచ్చం తప్పెట దరువే, దుప్పటి కింద నుంచి. వార్డులో ఎవరూ వింతగా చూడలేదు. పక్క మంచం ముసలాయన కాస్త నిదానంగా వాయించమన్నాడు, అంతే. ఫిజియోథెరపీ చేయించే ఫ్లోరా ఆ దరువుకే అతని మోకాలు వంచేది. క్యారేజీ తెచ్చిన భార్య తాయారు అన్నం కలుపుతూ, తనకి తెలియకుండానే మడమలు ఎత్తి దించుతూ ఉండేది.

ఎముక అతికింది. కర్ర వదిలేశాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి మెచ్చుకున్నాడు.

"నడువు, సైకిల్ తొక్కు. ఎగిరితే మాత్రం కీలు అరిగిపోతుంది."

"గంగమ్మ జాతరుంది బాబూ."

"అమ్మవారు ఏమీ అనుకోదులే."

ముందు నిలిచేవాడు లేకపోతే జట్టు ఆడదు. తన చోటు ఇంకొకరికి ఇవ్వడమంటే అబ్బులుకి ప్రాణం పోయినట్టే ఉంది.

ముందు నిలిచే కొత్త మనిషిని ఎంచుకోడానికి జట్టు అతని వాకిట్లో చేరింది. పైడయ్య ముందుకొచ్చి నిలబడ్డాడు. అబ్బులు కాలు మూగబోయింది. అర్జునరావు నిలబడ్డాడు. చడీ చప్పుడూ లేదు. కాలు ఒప్పుకోనిదే కుదరదని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ వాదించలేదు.

అప్పుడే తాయారు టీ గ్లాసుల పళ్ళెంతో మధ్యకొచ్చింది. కాలు ఒక్కసారిగా దరువందుకుంది. టీ తొణకలేదు గానీ, తాయారు మడమలు నేల మీద ఆగలేదు.

"ఆడది తప్పెట కడతాదేటి బావా?" అన్నాడు పైడయ్య.

"నానేటి సెప్పను? కాలు అడుగుతంది."

"నాకు సిగ్గు మావా," అంది తాయారు.

"నీకుంటే ఉండనీ. నీ కాళ్ళకి లేదుకదే."

జాతర నాడు అబ్బులు తన తప్పెట్లు తనే ఆమెకి కట్టాడు. వేసిన ముడే విప్పి మళ్ళీ మళ్ళీ బిగించాడు. సంతోషమే అది, అతనికీ తెలుసు. బల్ల మీద కూర్చుని కాలు చాపాడు. దరువు మొదలైంది. తాయారు కొంగు దోపుకుని ఎగిరింది. చూడవచ్చిన ఆడవాళ్ళు ముందు ముక్కున వేలేసుకున్నారు. కాసేపటికి వాళ్ళూ కొంగులు దోపారు.

ఏడాదిన్నరకి డాక్టరు ప్లేటు తీసేద్దామన్నాడు.

"ఇంకా నలుగురు ఆడోళ్ళు నేర్సుకుంటన్నారు బాబూ," అంది తాయారు. "వచ్చే జాతరయ్యాక సూద్దాం."