చివరి వరుస

ఆసుపత్రి కింది అంతస్తులో, ఏసీ హోరు తప్ప మరో చప్పుడు లేని గదిలో ఆమె ఉద్యోగం. పై అంతస్తుల నెట్‌వర్క్ తీగలన్నీ అక్కడి స్విచ్ పెట్టెలోకే చేరతాయి. తీగల్లో డేటా రద్దీ పెరిగినప్పుడు ఏది ముందు వెళ్లాలో, ఏది ఆగాలో చెప్పే వరుస ఆమే రాసింది. డాక్టర్ల ఫోన్లు ముందు, గుండె కొట్టుకోవడాన్ని గమనించే యంత్రాలు తర్వాత, ఆపైన స్కాన్ బొమ్మలు. అన్నిటికన్నా చివర, బంధువుల వీడియో కాల్స్.

అప్పుడే హెడ్ నర్సు అడిగింది. "ఐసోలేషన్ వార్డు వాళ్లకి ఆ ట్యాబే దిక్కమ్మా. కాస్త పైకి జరపకూడదూ?"

"కబుర్లేగా సిస్టర్! రెండు నిమిషాలు ఆగితే కొంపలేం మునగవు," అని నవ్వేసింది.

మూడు నెలలు తిరక్కుండానే, తనను పెంచిన పిన్ని అదే వార్డులో చేరింది. లోపలికి ఎవరినీ రానివ్వరు. రోజూ పదకొండింటికి నర్సు ట్యాబ్ పట్టుకునేది, కింద ఈమె ఫోన్‌లో చూసేది.

"ఏమే, ఆ డబ్బాల మధ్య చలెయ్యట్లేదూ?"

"నా సంగతి సరే, నువ్వు మాస్కు తియ్యకు పిన్నీ."

"తీస్తే ఏం చేస్తావ్, కొడతావా?"

తొమ్మిదో రోజు ఆ వేళకే స్కాన్ గదిలోంచి పెద్ద పెద్ద ఫైళ్లు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఏదో చెప్పబోతున్న పిన్ని, చెయ్యి సగం ఎత్తి, తెరమీద అలాగే బిగుసుకుపోయింది.

"పిన్నీ, ఒక్క నిమిషం! పెట్టెయ్యకు!"

ఆమె కీబోర్డు దగ్గరికి పరుగెత్తింది. వరుస తెరిచేలోగా కాల్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. రేపు పదకొండులోగా సరిచేద్దాంలే అనుకుంది.

సాయంత్రానికి పిన్ని పోయింది.

సెలవు ముగించుకుని వచ్చిన రోజు, పైకి ఫోన్ చేసింది. "ఆ రోజు చివర్లో పిన్ని ఏమంది సిస్టర్?"

నర్సు తటపటాయించింది. "ఏం లేదమ్మా. బొమ్మ కదలకపోయేసరికి, 'పిల్ల పనిలో ఉన్నట్టుంది, విసిగించొద్దు, పెట్టెయ్' అన్నారు."

ఆమె ఫోన్ పెట్టెయ్యకుండానే కీబోర్డు దగ్గరికి జరిగింది. వరుస తెరిచి, వార్డు కాల్స్‌ని స్కాన్ బొమ్మల కన్నా పైకి జరిపింది. రెండు నిమిషాల పని.

"వీడియో కాల్ చేస్తున్నా, ట్యాబ్ ఒకసారి ఎత్తండి సిస్టర్, చూద్దాం."

స్కాన్ ఫైళ్లు వెళుతూనే ఉన్నాయి. అయినా బొమ్మ ఎక్కడా తొట్రుపడలేదు. నర్సు భుజం వెనక కిటికీ పక్క, పిన్ని పడుకున్న మంచం, దానిమీద కొత్తగా పరిచిన దుప్పటి. మడతల గీతలు కూడా తెలుస్తున్నాయి.

"కనిపిస్తోందామ్మా?"

"కనిపిస్తోంది సిస్టర్," అందామె. "అంతా కనిపిస్తోంది."