తర్జుమాకు వదిలిన సందు

మిషనరీ పని ముగించుకుని ఇంటికొచ్చినవాడికి ఉండే చిక్కులన్నీ అతనికీ ఉన్నాయి. దుకాణంలో సబ్బుల వరుస ముందు తెల్లముఖం వేసుకుని నిలబడటం, వీధి తలుపు బార్లా తీసి వదిలేసి అక్క చేత చీవాట్లు తినడం, ఇవన్నీ మెల్లగా సర్దుకునేవే. సర్దుకోనిది ఒక్కటే. ఒక వాక్యం చెప్పి ఆగిపోతాడు.

ఆ దూరదేశంలో ఏళ్ళ తరబడి అతని పక్కన తర్జుమా చేసేవాడొకడు నిలబడేవాడు. ఇతను ఒక ముక్క అని ఆగితే, అతను దానికి కొమ్మలూ రెమ్మలూ తగిలించి అందుకునేవాడు. ఇతను కళ్ళు తుడుచుకుంటూ చెప్పినదానికి జనం పగలబడి నవ్విన రోజులూ ఉన్నాయి. ఏం చెప్పావయ్యా అని అడిగితే, "మీ మనసులో ఉన్నదే చెప్పానండీ" అనేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. పోనుపోను, ఆ సందులో తరవాతి మాట వెతుక్కోవడం ప్రాణానికి హాయిగా అలవాటైపోయింది.

ఇంట్లో ఆ సందు ఎవరిక్కావాలి? "అక్కా, బజారుకెళ్తున్నాను" అని ఆగుతాడు. "వెళ్ళు" అంటుంది అక్క. నీకేమైనా కావాలా అని అడిగేసరికి ఆమె వంటింట్లో ఉంటుంది. తమ్ముడి బుర్రకేమైనా అయిందేమోనని ఆమె డాక్టరుని కూడా అడిగొచ్చింది. మనిషి మంచిదే, గొంతే కాస్త పెద్దది. పెద్దదవక ఏం చేస్తుంది? చెవులు వినబడని తల్లిని ఇన్నేళ్ళూ చూసుకున్నది ఆమే.

సంఘంలో పాత పాస్టరుగారు పని మానుకుంటున్నారు. ఆదివారం ప్రసంగం బాగుంటే ఆ స్థానం ఇతనికే. ఆ దూరదేశంలో పని అక్కడివాళ్ళకే అప్పగించి వచ్చాడు కాబట్టి వెనక్కి వెళ్ళేదీ లేదు. ఇదీ పోతే తనకెక్కడా చోటు లేనట్టేనని లోలోపల భయం.

"ఏమనుకోకండి అయ్యగారూ, కాస్త గడగడా లాగించెయ్యండి. మీరు ఆగితే మాకు గుండె ఆగినంత పనవుతోంది" అని ముందే చెప్పిపెట్టాడు సంఘపెద్ద.

గడగడా చెప్పేద్దామనే వేదిక ఎక్కాడు. "మీ అందరినీ మళ్ళీ చూడటం సంతోషంగా ఉంది" అన్నాడు. నోరు దానంతటదే మూతపడింది. ఎవరో దగ్గారు. సంఘపెద్ద తల పట్టుకున్నాడు.

"ఏమంటున్నాడే?" ముందు బెంచీలోంచి అమ్మ గట్టిగా అడిగింది.

"మనందర్నీ చూసి సంతోషంగా ఉందంట!" అక్క ఆమె చెవిలో అరిచింది.

అమ్మ తలాడించింది. అక్క చెప్పడానికి వీలుగా ఏ పాస్టరూ మధ్యలో ఆగేవాడు కాదు కనుక ఇన్నేళ్ళూ ప్రసంగమంతా ఆమె కునికిపాట్లు పడేది. ఈసారి కొడుకు నోటివంకే చూస్తూ కూర్చుంది. అతనికి కాళ్ళ కింద నేల దొరికినట్టయింది.

"అక్కడ మా ఇంటి తలుపుకి గడియే లేదు."

"అందుకేనంటమ్మా, మన తలుపు బార్లా తీసి పోయేది!"

గుడంతా నవ్వింది. అతనూ నవ్వాడు. మరో నాలుగు మాటలు అలాగే జోడుగా సాగాయి.

"దేవుని దయవల్ల క్షేమంగా ఇంటికి వచ్చేశాను" అని ఆగాడు.

అక్క తమ్ముడి ముఖంలోకి చూసింది.

"వాడింకా పూర్తిగా రాలేదంటమ్మా!" అంది.

ఎవరూ నవ్వలేదు. నేనలా అనలేదని సర్దిచెప్పబోయాడు. కానీ ఆమె చెప్పింది నిజం. తనకు ఒప్పుకునే ధైర్యం లేకపోయింది, అంతే. కళ్ళలో నీళ్ళు నిండాయి. సంఘపెద్ద తన తలమీంచి చెయ్యి తీశాడు.

"తొందరేముందే? మెల్లగా రమ్మను. తలుపు తీసే ఉంటుందని చెప్పు" అంది అమ్మ.

చెవిటి మనిషి మాట, వెనక బెంచీ దాకా వినబడింది. అయినా అక్క తమ్ముడి వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి తర్జుమా చేసింది.

"తలుపు తీసే ఉంచుతామంట్రా."