హమామ్ అంటే
ఫోన్‌లో డ్రైవర్ హమీదుద్దీన్ చెప్పింది ఒక్క ముక్క.

"లింబాద్రన్నా, మెకానిక్ వచ్చిండు. హమామ్ ఏసీ బంద్ చెయ్, జల్ది, యల్లా!"

లింబాద్రి తోటలోని బోర్డు దగ్గరికి వెళ్లి పావురాల గది స్విచ్ ఆపేశాడు. గల్ఫ్‌కొచ్చి, కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, తోటలో పక్షుల పనికి చేరి మూడు నెలలైంది. హమామ్ అంటే అరబ్బీలో పావురమని మొదటి రోజే నేర్చుకున్నాడు.

నలభై నిమిషాల తర్వాత మెకానిక్ సామాను సర్దుకొని కారెక్కాడు.

"పావురాల ఏసీ చూడకుండనే పోతుండేంది భాయ్?" లింబాద్రి హమీదుద్దీన్‌ను అడిగాడు.

"పావురాలదా?" హమీదుద్దీన్ తెల్లబోయాడు. "హమామ్ అంటే బాత్రూం! మా హైదరాబాద్‌ల గట్లనే అంటరు. నువ్వు మరిచినవని మెకానికే బంద్ చేసుకున్నడు. నువ్వేం బంద్ చేసినవ్?"

లింబాద్రి అప్పటికే పరుగెడుతున్నాడు.

జూలై మధ్యాహ్నం. రేకుల గది తలుపు తీయగానే కొలిమి వేడి ముఖాన కొట్టింది. ఆ చిన్న పావురాల జత దక్షిణ అమెరికాలో ఎత్తైన కొండల మీది గడ్డిమైదానాలది. చలిలో బతికే జాతి. వాటికేమైనా అయితే కఫీల్ రేపే తనను ఊరికి విమానం ఎక్కిస్తాడు.

అవి కొమ్మెక్కవు. నేల మీదే తిరుగుతాయి, గులకరాళ్ల రంగులో ఉంటాయి. ఎక్కడ తొక్కుతానోనని మోకాళ్ల మీద పాకుతూ తడిమాడు. రాయి. మళ్లీ రాయి. ఈసారి ఒకటి మెత్తగా తగిలింది. నోరు తెరిచి ఎగరొప్పుతోంది. రెండోది నీళ్ల మూకుడు పక్కన ఒరిగి ఉంది. కదలడం లేదు.

ఏసీ వేసినా గది చల్లబడేసరికి గంట. చల్లగా ఉన్నది పక్క గది ఒక్కటే. అందులో తోలు తాడుతో మేకుకు కట్టిన కఫీల్ డేగ ఉంది.

"అండ్లకా? పాగల్ అయినవా? దానికి తిండి నువ్వే తీస్కపోతున్నవ్!" వెనకే వచ్చిన హమీదుద్దీన్ అరిచాడు.

"ఇంకేడికి పోవాలె? చెప్పు!"

పిట్టల్ని చొక్కాలో వేసుకొని, డేగకు వీపు పెట్టి, ఏసీ కింద కూలబడ్డాడు. వెనక రెక్కల చప్పుడు. తోలు తాడు టక్కున బిగిసింది. మళ్లీ బిగిసింది.

"అన్నా, మేకు ఊడుతున్నది!"

"నీ తువ్వాల దాని మీదెయ్!"

"నేనా? యా అల్లా..."

మూడోసారి తాడు చప్పుడు రాలేదు. గోళ్లు భుజంలో దిగాయి. లింబాద్రి ముందుకు వంగి చొక్కాను చేతులతో కప్పుకున్నాడు. డేగ తల మీద తువ్వాల పడింది. అది ఆగింది కానీ పట్టు వదల్లేదు.

"బతికినయా?" హమీదుద్దీన్ అడిగాడు.

 లింబాద్రి పొట్ట మీద ఒక జత సన్నని కాళ్లు నడవసాగాయి. కాసేపటికి ఇంకో జత. ప్రతి అడుగుకూ భుజంలో గోళ్లు ఇంకాస్త బిగుసుకుంటున్నాయి.