మేకును మింగిన టేకు

గోతిలో నిలబడి ఆంథోనీ రంపాన్ని కిందికి లాగాడు. పైన దుంగ మీద నిలబడ్డ వెంకన్న పైకి లాగాడు. లాగినప్పుడల్లా పొట్టు జల్లున రాలి ఆంథోనీ తలగుడ్డ మీదా భుజాల మీదా కనుబొమల మీదా పేరుకుంటోంది. ఫరంపేట కలప అడితిలో అతను ఆ గోతిలో దిగి ముప్ఫై ఏళ్లయింది. ఎప్పుడూ తలెత్తే పని కావడంతో మెడ వెనక్కి వాలి బిగుసుకుపోయింది. కళ్లు సదా ఎర్రగా ఉంటాయి. ఛాతీలో పిల్లికూతల దగ్గు. దుంగ కోయించుకోవడానికి వచ్చిన వాళ్లంతా పైనున్న వెంకన్నతోనే మాట్లాడి వెళతారు. కింద ఒక మనిషున్నాడని తెలుసు కాని, ఆ మనిషి ముఖం చాలామందికి తెలియదు.

ఫ్రెంచి దొరలు వెళ్లిపోయిన రెండో ఏడు అది. పొద్దు బారెడెక్కేసరికి ఎడ్లబండి మీద పెద్ద టేకు మొదలు వచ్చింది. బండి వెనక పాతికమంది జనం. ముందు సత్యవతమ్మ, ఆమె పొరుగింటి ఉమామహేశ్వరంగారు, ఇద్దరు ఊరిపెద్దలు.

మొన్నటి గాలికి ఆ చెట్టు పడిపోయింది. మూడేళ్లనాటి గోదావరి వరదలో ఇద్దరి దొడ్లకూ మధ్యనున్న హద్దురాయి కొట్టుకుపోయింది. చెట్టు తన తండ్రి నాటిందనీ, అది ఉన్న నేలా తనదేననీ ఉమామహేశ్వరంగారి వాదన. సత్యవతమ్మకు ఉన్నదల్లా ఆ దొడ్డే. చెట్టు తన పెనిమిటి నాటాడనీ, పోయే ముందు ఏడాది, అంటే ఇరవై ఒక్కేళ్ల కిందట, బట్టల తీగ కట్టడానికి దానికి పడవ మేకు కొట్టాడనీ ఆమె చెబుతోంది. మేకు కనబడితే దొడ్డి ఆమెదేనని పెద్దలు ఒప్పుకున్నారు. కాని బెరడు మీద మేకు జాడే లేదు. చెట్టుతోపాటు మేకూ పైకి పోయి ఉండాలి కదా అని పైకొమ్మల దాకా వెతికారు. అక్కడా లేదు.

గోతిలోంచి ఇదంతా వింటున్న ఆంథోనీ మెట్లెక్కి పైకి వచ్చాడు. పొట్టు కప్పుకున్న ఆ మనిషిని చూసి జనం రెండడుగులు వెనక్కి జరిగారు.

"మేకు పైకెందుకెళ్తదండీ," అన్నాడతను. "చెట్టు పొడుగెదిగేది కొనలోనేనండి. మొదలు ఉన్నచోటే ఉండి లావెక్కుద్ది. బెరడు కింద ఏడాదికో పొర పుడతదండి. మేకు కదల్లేదు, చెట్టే దాన్ని మింగేసింది."

సత్యవతమ్మను గోడ దగ్గర నిలబడి, తీగ కట్టేటప్పటిలా చెయ్యెత్తమన్నాడు. నేల నుంచి ఆమె వేళ్ల దాకా తాడుతో కొలిచాడు. ఆ కొలత మొదలు మీద పెట్టి, ఆ మేరంతా అరచేత్తో తడిమాడు. ఒకచోట బెరడు బొడ్డులా లోపలికి ముడుచుకుని ఉంది. ఆ ముడుత పైకి వచ్చేలా దుంగను తిప్పించి, దాని మీదుగా సుద్ద తాడుతో కోతగీత కొట్టించాడు.

వెంకన్న అతన్ని పక్కకు పిలిచి, ఇనుముకు తగిలితే రంపం పళ్లు పోతాయని గుర్తుచేశాడు. అంత రంపం మళ్లీ కొనే తాహతు ఇద్దరికీ లేదు. తగలకముందే తనకు తెలుస్తుందని చెప్పి ఆంథోనీ గోతిలోకి దిగాడు.

కోత మొదలైంది. జనం గోతి చుట్టూ మూగారు. పొట్టు తేనెరంగులో రాలుతోంది. మూర కోశారు, రెండు మూరలు కోశారు. సత్యవతమ్మ కోత గాటు మీంచి చూపు తిప్పడం లేదు. ఉమామహేశ్వరంగారు కూడా ఉండబట్టలేక వంగి చూస్తున్నారు. ఆంథోనీ చూపంతా తన చేతి మీద పడే పొట్టు మీదే ఉంది. అతని గుండె దడదడలాడుతోంది. ఇన్నేళ్లలో ఏ దుంగకూ అలా కొట్టుకోలేదు.

పొట్టు బూడిదరంగుకు తిరిగింది. మరో లాగుకు సిరాలా నల్లబడింది.

"ఆపు వెంకన్నా!"

రంపం తీసి కోత సందులో ఇనప చీలలు దిగగొట్టగానే దుంగ పెటపెటమని విచ్చుకుంది. లోపల, ఇనుము చెక్కకు అంటించిన నల్లటి మరక నడుమ, జానెడు పడవ మేకు పడుకుని ఉంది. జనం హోరెత్తారు. సత్యవతమ్మ ఆ మేకు మీద చెయ్యివేసి కదలకుండా నిలబడిపోయింది.

ఏళ్లు లెక్కపెట్టమన్నారు పెద్దలు. ఆంథోనీ చీపురుపుల్ల తీసుకుని బెరడు వైపు నుంచి చుట్లు ఒక్కొక్కటే తాకుతూ అందరికీ వినబడేలా లెక్కపెట్టాడు. మూడోది వేలెడు మందం. ఒండ్రు మేసిన వరద ఏడు. పదకొండో చుట్టు దగ్గర పుల్ల క్షణం ఆగింది. ఆ ఏడే అతని ఒక్కగానొక్క కూతురు జ్వరంతో పోయింది. చెట్టు మాత్రం ఆ ఏడు బాగానే పెరిగింది. పుల్ల ముందుకు కదిలింది. మేకు తల దగ్గర ఇరవై ఒకటి. సత్యవతమ్మ చెప్పిన ఏడు సరిగ్గా అదే.

ఉమామహేశ్వరంగారు కాసేపు ఆ చుట్లను తనే మళ్లీ లెక్కపెట్టుకున్నారు. తరువాత, దొడ్డి ఆవిడదేనని పెద్దలతో అన్నారు. వెళుతూ ఆంథోనీ దగ్గర ఆగి, పేరేమిటని అడిగారు.

పొద్దు వాలేవేళకు ఆంథోనీ దాదాపు పరుగున ఇల్లు చేరాడు. పూటకు పది మాటలు మాట్లాడని మొగుడు గుమ్మంలోనే కథ మొదలుపెట్టేసరికి, కూర తరగబోతున్న ఆగ్నెస్ కత్తిపీట ముందు అలాగే ఉండిపోయింది. అతను ఆమె చేతిలోని ఉల్లిపాయ లాక్కుని అడ్డంగా రెండు చెక్కలు చేశాడు.

"ఇలాగే ఉంటాయే చుట్లు. కాపోతే ఉల్లిపాయలో లోపలిది లేత. చెట్టులో లోపలిదే పాతది. ఆ నడిమి చేవ చెక్క ఎప్పుడో చచ్చిపోయిందే. అయినా చెట్టంతా దాని మీదే నిలబడతది."

"ఇన్నాళ్లూ ఒక్క ముక్క చెప్పలేదేం నాకు?" అంది ఆగ్నెస్.

"ఎవరూ అడగలేదు మరి," అని నవ్వాడు. నవ్వు దగ్గయింది. కాసేపు ఆయాసపడి, గోడకు చేరగిలబడి, నీళ్లు కాచమన్నాడు.

నీళ్లు కాగాక ఆమె పెరట్లోంచి రెండుసార్లు పిలిచింది. పలకలేదు. నిద్రపట్టిందనుకుని వచ్చి భుజం తట్టింది. తల మెల్లగా పక్కకు వాలింది. ఎన్నడూ లేనిది, మెడ మెత్తగా ఉంది.

ఆమె కేకకు ఇరుగుపొరుగు పరుగెత్తుకొచ్చారు. ఎవరో దీపం వెలిగించారు. కత్తిపీట పక్కన, కోసిన వైపు పైకి తిరిగి, ఉల్లిచెక్క ఒకటి తడితడిగా మెరుస్తోంది.