రెండు పొడుగులు, ఒక పొట్టి

మా మరిది మెర్ల్‌కి బతికున్నవాళ్ళతో పెద్దగా పడదు కానీ, చచ్చిన దొంగలంటే ప్రాణం. పంతొమ్మిది వందల ముప్పై మూడు జూన్‌లో ట్రస్కాట్ అన్నదమ్ములు మా ఊరు ఎల్క్ బెండ్‌లో బ్యాంకు కొల్లగొట్టారు. గుమాస్తానీ, ఊరి పోలీసునీ కాల్చి చంపారు. అదే రోజు పడమటి వంతెన దగ్గర పోలీసుల తూటాలకి తామూ పోయారు. అప్పటికి మెర్ల్ ఇంకా పుట్టనైనా లేదు. అయినా ఆ పొద్దున వాళ్ళు ఏం తిన్నారో కూడా, దగ్గరుండి వడ్డించినవాడిలా చెబుతాడు. దొంగలు తిరిగిన చోట్లన్నీ చూపిస్తూ ఆ కథ చెప్పడానికి టిక్కెట్టు పెట్టాడు. ఏడాదంతా బడిపిల్లల్ని తిప్పే నా బస్సు వేసవి శనివారాల్లో వాడి చేతికి వెళుతుంది. నడిపేది మాత్రం నేనే.

నాకా కథ మొదటినుంచీ గిట్టదు. దొంగల బొమ్మలతో టోపీలు, చొక్కాలు అమ్ముతారు. గుమాస్తా పేరు అడిగితే మా ఊళ్ళో సగం మందికి తెలియదు. ఆ రోజుల్లో బ్యాంకులు పొలాలు మింగేస్తుంటే, బ్యాంకుని కొట్టినవాణ్ణి జనం లోలోపల మెచ్చుకున్న మాట నిజమే. మా తాత కూడా మెచ్చుకున్నాడట. గుమాస్తా పెళ్ళాం వీధిలో పడి ఏడవడం చూశాక ఆ మాట మళ్ళీ ఎత్తలేదట.

మొన్న జూన్‌లో ఒక శనివారం ఒక ముసలావిడ బస్సెక్కింది. ఎనభై దాటి ఉంటాయి. సన్నగా, నిటారుగా ఉంది. నా వెనక సీటు దగ్గర ఆగింది.

"ఇది ఖాళీయేనా తల్లీ?"

"ఖాళీయే పెద్దమ్మా. కానీ స్ప్రింగులు పోయాయి, నడుం పట్టేస్తుంది."

"నా నడుం ఎప్పుడో పట్టేసిందిలే. ఇక కొత్తగా పట్టేదేముంది?" అని కూర్చుంది. "బస్సు లాక్‌హార్ట్ వాళ్ళ మలుపు మీదుగా వెళ్తుందా?" అని అడిగింది.

ఆ మలుపుని ఇప్పుడెవరూ ఆ పేరుతో పిలవరు. రోడ్డుకి నంబరు వచ్చాక పాత పేర్లన్నీ పోయాయి. అది మా అమ్మ నోట విన్న పేరు. ఈవిడ ఇక్కడి మనిషేనని అప్పుడే అనుకున్నాను.

బ్యాంకు దగ్గర అందరూ దిగి గోడలో తూటా చేసిన కన్నంలో వేళ్ళు పెట్టి చూశారు. ఆవిడ దిగలేదు. శ్మశానం దగ్గర మాత్రం అందరికంటే ముందు దిగింది.

అక్కడ ట్రస్కాట్ల సమాధి రాళ్ళు రెండు, పక్కనే మూడోది. వాటి మీద ఎప్పుడూ చిల్లర నాణేలు, ఖాళీ తూటాలు, సిగరెట్లు ఉంటాయి. చూడవచ్చినవాళ్ళు మొక్కుబడిలా పెట్టిపోతారు. గుమాస్తా రాయి అవతలి వరసలో ఉంది. దాని ముందు కాఫీ డబ్బాలో నాలుగు పూలు తప్ప ఏమీ ఉండవు. అవీ నేను పెట్టినవే.

"ఈ మూడోవాడు ఎల్డన్ మాబ్రీ," అని మెర్ల్ గొంతు పెంచాడు. "మన ఊరివాడే! పెట్రోలు బంకులో పనిచేసేవాడు. వాళ్ళ నాన్న పొలాన్ని బ్యాంకు లాగేసుకుంది. ఆ కసితో దొంగలతో చేతులు కలిపాడు. పారిపోతుంటే కారు నడిపింది వాడే. వాళ్ళతోపాటే పోయాడు."

పెద్ద టోపీ పెట్టుకున్న యాత్రికుడొకడు ఆ రాయి మీద సిగరెట్టు పెట్టి, "ఓ దమ్ము లాగవయ్యా బాబాయ్!" అన్నాడు. అందరూ నవ్వారు.

ముసలావిడ వంగి ఆ సిగరెట్టు తీసి వాడి చేతిలో పెట్టింది. "తీసుకో నాయనా. వాడు తాగడు. తాగితే దగ్గొస్తుంది."

"మీకెలా తెలుసు మామ్మా?"

"తెలుసు," అంది. చేతిరుమాలు తీసి రాయి మీది నాణేలన్నీ గడ్డిలోకి తుడిచేసింది.

మెర్ల్ నా చెవి దగ్గరికొచ్చి, "ఎవరు వదినా ఈవిడ? ఏదో గొడవ పెట్టేలా ఉంది," అన్నాడు.

"నీకంటే పెద్ద గొడవ ఏముంటుందిరా?" అన్నాను.

మిగతావాళ్ళు ఫోటోలు తీసుకుంటుంటే ఆవిడ వచ్చి బస్సులో కూర్చుంది. నేను వెనక్కి తిరగలేదు. అద్దంలోనే చూస్తూ అడిగాను.

"మీ పేరేంటి పెద్దమ్మా?"

"ఓర్ఫా. అప్పట్లో ఓర్ఫా లాక్‌హార్ట్. ఆ ఏడు ఆకులు రాలే కాలానికి నాకూ ఎల్డన్‌కీ పెళ్ళి కావాల్సింది."

ఆవిడే చెప్పింది.

"వాణ్ణి తుపాకీ పెట్టి లాక్కుపోయారో, వాడే ఎక్కాడో నాకు తెలీదు తల్లీ. పొలం పోయాక వాడు నవ్వడం మానేశాడు. ఎక్కినా ఎక్కుంటాడు. అదీ ఎప్పుడో దిగమింగుకున్నా. కానీ కారు మా గేటు ముందు నుంచే పోయిందని పేపర్లో వేశారు. మా గేటు ముందు నుంచి పోతూ వాడు నాకోసం చూశాడా, మొహం తిప్పుకుని పోయాడా? అదొక్కటే నా బాధ. ఎప్పటికీ అదే."

"ఆ వేళ మీరు ఇంట్లో లేరా?"

"ఎవరం లేం. మావాళ్ళు చేలో ఉన్నారు. నేను మా అక్క ఇంట్లో ఉన్నా. చెర్రీ పళ్ళకి గింజలు తీస్తున్నాం, సీసాల్లో పెట్టడానికి. కబురు వచ్చేసరికి మోచేతుల దాకా చేతులు ఎర్రగా ఉన్నాయి. ఆ చేతులు చూసి కబురు తెచ్చినామె కెవ్వుమంది, నేనే ఏదో చేసుకున్నాననుకుని." చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "తరవాత ఇక్కడ తలెత్తుకు తిరగలేకపోయాను. దొంగ పెళ్ళాం కాబోయిందని నా ముందే అనేవాళ్ళు. కాలిఫోర్నియా పోయాను. పళ్ళు పెట్టెలకెత్తే షెడ్లో పని. అక్కడే పెళ్ళయింది. మంచి మనిషి, ఆయనకి నేనేం లోటు చెయ్యలేదు. ఆయన మొన్న శీతాకాలం పోయాడు. ఆయన బతికుండగా ఇక్కడికి రావడం మర్యాద కాదనిపించింది."

"మెర్ల్‌ని అడగండి. వాడికి తెలియనిది లేదంటాడు."

"అడిగితే రేపట్నుంచి నన్ను కూడా కథలో పెట్టేస్తాడు."

అదీ నిజమే. పైగా లాక్‌హార్ట్ మలుపు దగ్గర మెర్ల్ ఏం చెబుతాడో నాకు తెలుసు. వాడి కథలో వాడికి అన్నిటికంటే ఇష్టమైన ముక్క అది. పారిపోతున్న దొంగలు అక్కడ కారు హారన్ మోగించి, చేలో దాక్కున్న తోటిదొంగకి సైగ చేశారని చెబుతాడు. చెప్పి నా చేత బస్సు హారన్ కొట్టిస్తాడు. జనం చప్పట్లు కొడతారు. తనకోసం చూశాడేమోనని ఇంత దూరం వచ్చిన మనిషికి, లేదమ్మా తోటిదొంగని పిలిచాడు అని ఆవిడ గేటు ముందే చెప్పాలా? ఇవాళ హారన్ కొట్టకూడదనుకున్నాను.

మలుపు వచ్చింది. బస్సాపాను. అక్కడిప్పుడు ఇల్లు లేదు. పొయ్యి గోడ రాళ్ళు కొన్ని, వాటి పక్కన మనిషెత్తు లైలాక్ పూల పొద ఉన్నాయి. గేటు గుంజ ఒక్కటి మిగిలింది.

"ఇక్కడే!" అన్నాడు మెర్ల్. "సరిగ్గా ఇక్కడ దొంగల కారు నెమ్మదించింది. వెనక పోలీసులు తరుముతున్నారు, అయినా నెమ్మదించింది! హారన్ మోగింది! ఆ సైగ ఎవరికి? ఈ పొలంలో దాక్కున్నది ఎవరు? ఈనాటికీ ఎవరికీ తెలియదు! వదినా, కానియ్!"

నేను కదల్లేదు.

"వదినా!"

"హారన్ పాడైంది."

"పొద్దున పాలబండి వాణ్ణి అదిలించావుగా!"

వెనక నుంచి జనం "హారన్! హారన్!" అని గోల మొదలెట్టారు. టోపీవాడు సీటు మీద దరువు వేస్తున్నాడు. ఒళ్ళు మండి, ఈ పీడ ఒదిలిపోతుందని కొట్టాను. ఒక పొడుగు, ఇంకో పొడుగు, ఒక పొట్టి.

నా వెనక సీటు కిర్రుమంది. ఓర్ఫా లేచి నిలబడింది.

"అలాగే మోగిందని నీకెవరు చెప్పారు?" అని మెర్ల్‌ని అడిగింది.

మెర్ల్ బిత్తరపోయాడు. "ఆ ఏడు అర్కన్సా నుంచి గడ్డి కోతకొచ్చిన కూలీ ఒకాయన అవతలి చేలో ఉన్నాడమ్మా. ముసలాడయ్యాక వృద్ధాశ్రమంలో నాతో చెప్పాడు. రెండు పొడుగులు, ఒక పొట్టి. దొంగల గుర్తు అది."

"దొంగలది కాదు నాయనా," అంది ఓర్ఫా. "మాది. మా ఇంటి గంట."

మెర్ల్‌కి అర్థం కాలేదు. వాడు పట్నంలో పుట్టి పెరిగాడు. నాకు మాత్రం వెంటనే తట్టింది. మా చిన్నప్పుడు పల్లెలో టెలిఫోను తీగ ఒకటే ఉండేది, దాని మీద పది పన్నెండు ఇళ్ళు. ఎవరికి ఫోనొచ్చినా అందరిళ్ళలోనూ గంట మోగేది. అందుకని ఫోను ఎవరికో తెలియడానికి ఇంటికో తీరు గంట. మాది ఒక పొడుగు, మూడు పొట్టి. నిద్రలో విన్నా మన గంట మనకి తెలిసేది. ఆ తీగ మీద లేనివాడికి అదొట్టి మోతే.

"ఎల్డన్ కారేసుకుని వచ్చి గేటు దగ్గర అలాగే కొట్టేవాడు," అంది ఓర్ఫా. "ఫోనొచ్చింది ఎత్తుకో ఓర్ఫా, అనేవాడు. మా నాన్నకి ఒళ్ళు మండిపోయేది. ట్రస్కాట్లకి మా ఇంటి గంట ఎలా తెలుస్తుంది? హారన్ మీద చెయ్యి ఎల్డన్‌ది."

"అంటే... అది సైగ కాదా?" అన్నాడు మెర్ల్.

"నోర్మూసుకోరా మెర్ల్," అన్నాను.

"కారు నెమ్మదించిందన్నావు కదూ?" ఓర్ఫా వాడి చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఇంకేం చెప్పాడు ఆ కూలీ? ఉన్నదున్నట్టు చెప్పు. నీ కథ నాకొద్దు."

మెర్ల్ టోపీ తీసేశాడు. వాడి గొంతు మొదటిసారి మామూలు మనిషి గొంతులా వినిపించింది. "దాదాపు ఆగిందన్నాడమ్మా. హారన్ మోగింది. కారులో ఎవరో కేకలేశారట, ఎవర్నో కొట్టిన చప్పుడు కూడా విన్నాడట. తరవాత దూసుకుపోయింది. ఆ కొట్టిన సంగతి నేను... కథలో సరిగ్గా ఇమడ్లేదని వదిలేశాను."

టోపీవాడు తల దించుకున్నాడు.

"పిలిచాడు," అంది ఓర్ఫా. కళ్ళు నిండిపోయాయి, అయినా నవ్వుతోంది. ఆ నవ్వులో నాకు పంతొమ్మిదేళ్ళ పిల్ల కనిపించింది. "నన్ను పిలిచాడు తల్లీ. నెత్తిన తుపాకీ ఉన్నా పిలిచాడు." ఆ నవ్వుతోనే గేటు గుంజ వైపు తిరిగింది. "నేనే ఇంట్లో లేను."

తలుపు తియ్యమంది. తీశాను. దిగడానికి చెయ్యి అందించబోతే వద్దంది. గుంజ పక్క నుంచి లోపలికి వెళ్ళింది. మోకాళ్ళెత్తు గడ్డి, ఆవిడ మాత్రం కింద చూడకుండా నడిచింది, అడుగుల కింద పాత కాలిబాట ఇంకా ఉన్నట్టే. పొయ్యి రాళ్ళ దగ్గర, లైలాక్ పొద వెనక్కి వెళ్ళి ఆగింది. తెల్లజుట్టు ఒక్కటే ఆకుల్లోంచి కనిపిస్తోంది.

"తల్లీ!" అని అక్కణ్ణుంచి కేకేసింది. "ఇంకొక్కసారి కొట్టవూ. ఈసారి నేను ఇంట్లో ఉంటాను."

మెర్ల్ కథకి కొట్టినట్టు కాకుండా, గేటు దగ్గరికొచ్చిన కుర్రాడు కొట్టినట్టు కొట్టాను. ఒక పొడుగు. ఇంకో పొడుగు. ఒక పొట్టి.

"వస్తున్నా, వస్తున్నా, ఉండు!" అంటూ పొద వెనక నుంచి ఓర్ఫా వచ్చింది. ఎర్ర మరకలేవో ఇంకా ఉన్నట్టు రెండు చేతులూ గౌనుకి తుడుచుకుంటూ, ఆ వయసు మనిషికి ఎంత వీలైతే అంత పరుగున వచ్చింది. గేటు గుంజ పట్టుకుని ఆగింది. నా బస్సు వైపు చూడలేదు. బస్సుని దాటి, వంతెనకి పోయే దారి వైపే చూస్తూ, ఎవరో ఎదురుగా ఉన్నట్టే మెల్లగా చెప్పింది.

"ఇదిగో, ఉన్నాను."