మూడున్నర కారు

మా స్టాఫ్ కౌన్సిల్ సమావేశాలు కాలేజీలో జరగవు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వచ్చే తెల్ల కారులో జరుగుతాయి. కాలేజీలో జరిగేది సంతకాలు, టీ, మనిషికి రెండు బిస్కెట్లు.

కారు ప్రేమ్ సాగర్‌ది. ఆయన కంప్యూటర్ లెక్చరర్, పైగా అకడమిక్ కోఆర్డినేటర్. ముందు సీట్లో ఇన్‌ఛార్జి ప్రిన్సిపాల్ జీవరత్నం గారు కూర్చుంటారు. వెనక ఇంగ్లీషు చెప్పే సుకన్య, కామర్స్ చెప్పే అజయ్ కుమార్. నలుగురి కాపురాలూ నంద్యాలలోనే. పొద్దున కారు శిరివెళ్ల దాటేలోపే ఎవరికి ఏ క్లాసు, ఏ కమిటీలో ఎవరు, ఏ కోర్సు ఉండాలి, ఏది పోవాలి అన్నీ తేలిపోతాయి. మధ్యాహ్నం మూడున్నరకు ఆ కారు తిరిగి గేటు దాటుతుంది. దాని వెనకే అటెండరు గదులకు తాళాలు వేసుకుంటూ వస్తాడు. కోటకొండ పెద్దయ్య ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, పని వేళలు సాయంత్రం నాలుగున్నర వరకు అని గేటు మీద బోర్డుంది. ఆ బోర్డును నమ్మేదాన్ని నేనొక్కదాన్నే.

నా పేరు గోదాదేవి. మాది అహోబిలం, మా నాయన గుళ్లో కైంకర్యం చేస్తారు. పేరూ ఊరూ వినగానే నేను కళ్లు మూసుకుని పాశురాలు పాడుకునే మనిషిననుకుంటారు కొత్తవాళ్లు. వారం తిరక్కుండానే వాళ్ల భ్రమలు తొలగిపోతాయి. చరిత్ర చెబుతాను. ఆళ్లగడ్డలోనే అద్దెకుంటాను. ఆ కారులో నాకు సీటు లేదు. నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు. ఈ ఒక్క విషయంలో మాకు తగువు లేదు.

ఈ ఏడు అడ్మిషన్ల సమయంలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలు తక్కువగా చేరే మేజర్ కోర్సులు ఉంచుతారో ఎత్తేస్తారో కాలేజీలే తేల్చుకుని తీర్మానం పంపాలట. అది వచ్చిన మర్నాడు ప్రేమ్ సాగర్ వరండాలో నాకు ఎదురుపడి, పక్కింటాయన కరెంటు పోయిందని చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"చరిత్ర మేజర్ తీసేస్తాండాం మేడం. ఆ సీట్లు డేటా సైన్స్‌కు అడుగుదామని."

"తీసేస్తాండాం అంటే ఎవరు?"

"అందరం అనుకున్నాం."

"యాడ అనుకున్నారు? కార్లోనా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "పిల్లోళ్లు చేరకుంటే మేమేం జేస్తాం మేడం, నడిరోడ్లో నిలబెట్టి లాక్కొస్తామా?" అన్నాడు.

పిల్లలు ఎందుకు చేరరో నాకు తెలుసు. అడ్మిషన్ల బల్ల కూడా మూడున్నరకే మూతపడుతుంది. నల్లమల అంచు పల్లెల వాళ్లు మండలాఫీసులో సర్టిఫికెట్లు తీసుకుని, బస్సు పట్టుకుని ఇక్కడ దిగేసరికి మూడున్నర దాటుతుంది. తాళం చూసి వెనక్కి పోతారు. మొన్నొకరోజు అట్లాగే చెంచుగూడెం నుంచి సోమన్న, అతని కూతురు బయ్యమ్మ వరండాలో కూర్చుని ఉంటే, బీరువా తెరిపించి నేనే దరఖాస్తు తీసుకున్నాను. ఆ పిల్ల ఇంటర్లో చరిత్రలో తొంభై దాటించింది. చరిత్ర తప్ప వేరే మేజర్ వద్దంది. అది నంద్యాలలో ఉంది కదా అంటే సోమన్న తల అడ్డంగా ఊపాడు.

"నంద్యాలంటే హాస్టల్లో ఇడవాల గదా మేడం. పెద్దబిడ్డను అట్లనే ఇడిస్తిమి. జరమొచ్చి పడిపోయినా వారం దాకా మాకు చెప్పలా. ఇంగ ఇడవను. పొద్దున పోయి మాపటికి ఇంటికొచ్చేదైతేనే సదువు."

అంటే ఆళ్లగడ్డలో చరిత్ర ఉంటే బయ్యమ్మకు చదువుంది, లేకపోతే లేదు. అట్లాంటి వాళ్లు ఆ దిక్కు నుంచి ఇంకా ఏడెనిమిది మంది ఉన్నారు. నాకా, కోర్సు పోతే ప్యాపిలికో నందికొట్కూరుకో బదిలీ అవుతుంది, అంతే. ప్యాపిలిలో కూడా తగువు పెట్టుకోవడానికి మనుషులుంటారు. నేనెక్కడైనా బతుకుతాను. ఆ పిల్ల మాత్రం ఇంట్లో కూర్చుంటుంది.

శుక్రవారం భోజనాలయ్యాక కౌన్సిల్ పెట్టారు. తీర్మానం పంపడానికి అదే ఆఖరి రోజు. ఆఖరి రోజు దాకా ఎందుకు ఆగారంటే, నేను పైవాళ్లకు ఫిర్యాదు రాసే వ్యవధి కూడా లేకుండా చేద్దామని. ఈ తెలివి క్లాసులో చూపిస్తే పిల్లలు బాగుపడేవాళ్లు.

మా కౌన్సిల్లో ఎప్పుడూ చేతులెత్తి ఓటేసింది లేదు. కోఆర్డినేటర్ తీర్మానం చదువుతాడు, ప్రిన్సిపాల్ "సమ్మతమేనా?" అంటారు, అందరూ టీ కప్పు ఎత్తి ఒక గుక్క తాగుతారు. అంతే, ఏకగ్రీవం. ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను చేరేనాటికే ఉందీ ఆచారం. ఇష్టం లేనివాళ్లు కప్పు కింద పెట్టి ఉంచాలి. అట్లా పెట్టి ఉంచిన మొహమాటంలేని మనిషిని నేను తప్ప ఇంకొకరిని చూడలేదు.

ప్రేమ్ సాగర్ చదివాడు. జీవరత్నం గారు సమ్మతమేనా అన్నారు. పద్నాలుగు కప్పులు లేచాయి. నాది లేవలేదు.

"సార్, నేను మాట్లాడాల."

"రెండు మాటల్లో చెప్పమ్మా," అన్నారు జీవరత్నం గారు. ఆయన చెడ్డవాడు కాదు. ఎవరి కారెక్కితే వాళ్ల మాట వినే మనిషి.

"కోర్సు ఎత్తేసే ముందు ఆ శాఖ వాదన పూర్తిగా వినాలని కౌన్సిల్ నియమం సార్. రెండు మాటలని లేదు."

మొదట సక్రమంగానే వాదించాను. అడ్మిషన్ల బల్ల సంగతి చెప్పాను. ఏ పల్లె బస్సు ఎప్పుడొస్తుందో చెప్పాను. సోమన్న మాట చెప్పాను. అజయ్ కుమార్ ఫోన్ చూసుకుంటున్నాడు. సుకన్య గోళ్లు చూసుకుంటోంది. ప్రేమ్ సాగర్ మాత్రం కిటికీలోంచి వేపచెట్టు కింద నిలబెట్టిన కారును చూస్తున్నాడు. కాసేపటికి గమనించాను, అందరూ అటే చూస్తున్నారు. లోకల్ వాళ్లు కూడా, ఎందుకంటే కారు కదిలితేనే వాళ్లకూ ఇంటికి పోయే వీలు. నా వాదన ఒక్కరి చెవిలోకీ పోవడం లేదు. గోడ మీది గడియారం మూడూ ఇరవై చూపిస్తోంది.

అప్పుడు వెలిగింది నాకు. వీళ్లకు చరిత్ర మీద కోపం లేదు, డేటా సైన్స్ మీద ప్రేమా లేదు. వీళ్లకు మూడున్నర కావాలి.

కుర్చీ వెనక్కి జరిపి నిలబడ్డాను.

"ఇంగ కాలేజీ పెట్టిన కాడినుంచి చరిత్ర శాఖ చేసిన పని చెప్తా సార్. ఒక్కో ఏడాదీ చెప్తా."

చెప్పాను. మొదటి బ్యాచ్‌లో ఎవరెవరు చదివారో, ఏయే ఊళ్ల వాళ్లో, ఇప్పుడు ఏం చేస్తున్నారో చెప్పాను. సంజామల నుంచి సైకిల్ మీద వచ్చిన అతని సంగతి చెప్పాను. తెలియని చోట సొంతంగా కల్పించి కూడా చెప్పాను, సరిదిద్దేవాళ్లు ఎవరూ లేరు కదా. మూడున్నర దాటింది. వేపనీడ జరిగి కారు మీద ఎండ పడింది. అజయ్ కుమార్ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. నలుగురూ ఒకే కారులో పోవాలి, ఒకడు లేచి ఏం లాభం?

"మేడం, పాపకు ట్యూషనుండాది. నేనే తోల్కపోవాల," అంది సుకన్య.

"పోండి. ఎవురు వద్దన్న్యారు? బస్టాండు ఆడనే ఉండాది."

ప్రేమ్ సాగర్ బల్ల మీద చరిచాడు. "మీరు కావాలనే చేస్తాండారు మేడం!"

"అవును. కావాలనే చేస్తాండా."

"ఇది పద్ధతేనా? మీ మొండితనానికి ఇంతమందిని కట్టేసి కూర్చోబెడ్తారా?"

"మీ కారు కోసరం ఇన్ని పల్లెల పిల్లోళ్లకు తలుపులేస్తిరి, అది పద్ధతేనా? నోరు మూసుకుని ఇనప్పా. ఇంగా ఇరవై ఏండ్లుండాది చెప్పాల్సింది."

అప్పా అన్నందుకు ఆయన మొహం కందిపోయింది. నాకు చాలా హాయిగా అనిపించింది. నా గొంతు జీరబోతున్నా ఆపలేదు. నాలుగు దాటింది. వరండాలో అటెండరు తాళాల గుత్తితో అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి సుకన్య ఏడుపు మొహంతో జీవరత్నం గారి వైపు తిరిగింది.

"ఉండనీ సార్, ఆ చరిత్రను. ఎవురికేం నష్టం? ఇంటికి పోదాం."

జీవరత్నం గారు ప్రేమ్ సాగర్‌ను చూశారు. ప్రేమ్ సాగర్ కారును చూశాడు. తీర్మానంలో చరిత్ర ఉన్న వరుస మీద అడ్డగీత పడింది. కోర్సు ఉంది. బయ్యమ్మకు చదువుంది. నేను కుర్చీలో కూలబడ్డాను. గొంతు ఎండి నాలుక అంగిలికి అతుక్కుపోయింది. బల్ల మీద నా టీ చల్లారిపోయి మీగడ కట్టి ఉంది.

ప్రేమ్ సాగర్ ఇంకేదో కాగితం గబగబా చదువుతున్నాడు. జీవరత్నం గారు "సమ్మతమేనా?" అన్నారు. నేను కప్పెత్తి గటగటా తాగేశాను.

దిగమింగిన తరువాత తలెత్తితే ప్రేమ్ సాగర్ నన్నే చూస్తున్నాడు. మళ్లీ ఆ నవ్వు.

"థాంక్స్ మేడం. ఈ పొద్దు మీరు గూడా ఏకగ్రీవంలో కలిసినారు."

ఆ కాగితంలో ఏముందో క్లాసులు మొదలైన రోజు తెలిసింది. ఈ ఏడాదికి టైం టేబుల్ వేసే అధికారం పూర్తిగా కోఆర్డినేటర్‌దే, మధ్యలో మార్పులుండవు. చరిత్ర మేజర్‌కు రోజూ మొదటి గంట, ఆఖరి గంట ఇచ్చాడు. కొండ దిక్కు బస్సు వచ్చేసరికి మొదటి గంట అయిపోతుంది. ఆఖరి గంట కాగితం మీద మూడున్నర నుంచి నాలుగున్నర దాకా, అప్పటికే గదులకు తాళాలు పడతాయి; నాలుగింటికి ఆ బస్సు వెనక్కి పోతుంది, దాని తరువాత ఇంకో బస్సు లేదు. బయ్యమ్మ రోజూ వస్తుంది, ఇంగ్లీషు వింటుంది, కంప్యూటర్ వింటుంది, చరిత్ర తప్ప అన్నీ వింటుంది. హాజరు చాలక ఏడాది తిరిగేసరికి ఆ పిల్లలంతా రాలిపోతారు. అప్పుడు కోర్సును ఎవరూ ఎత్తేయనక్కర్లేదు.

ప్రిన్సిపాల్ గదికి వెళ్లి అరిచాను. "నా చేతిలో ఏముండాదమ్మా, తీర్మానమైపాయ. నువ్వు గూడా కప్పెత్తితివి గదా," అన్నారాయన. ప్రేమ్ సాగర్ దగ్గరకు పోలేదు. పోతే కొట్టేదాన్ని. ఆ వారమంతా నా మీద నాకే కడుపు మండింది. పద్నాలుగు మందిని నోటితో గెలిచి, గుక్కెడు చల్లారిన టీతో ఓడిపోయాను.

తరువాతి సోమవారం మధ్యాహ్నం, ఆ దిక్కు పిల్లలకు క్లాసులయ్యాక, బయ్యమ్మను ఆపాను. బస్సుకు ఇంకా ముప్పావు గంట ఉంది.

"మీవాళ్లందరినీ పిల్చకరా. పాఠం చెప్తా."

"యాడ మేడం? ఆ టైంకు గదులన్నీ తాళం ఏస్తారు గదా."

"బయట నీడ యాడుండాది?"

బయ్యమ్మ చుట్టూ చూసింది. మా కాలేజీలో నీడ ఉన్న చోటు ఒక్కటే. వేపచెట్టు, దాని కింద తెల్ల కారు. కారు ముందు కాంపౌండు గోడ, రెండు పక్కలా సిమెంటు అరుగులు. పోవాలంటే వెనక్కే రావాలి.

తాళం పడకముందే రెండు బెంచీలు మోసుకొచ్చి కారు వెనకాల అడ్డంగా వేశాం. పిల్లలు కూర్చున్నారు. నేను కారు డిక్కీకి వీపు ఆనించి నిలబడ్డాను.

మూడున్నరకు నలుగురూ సంచులతో వచ్చారు. ఎక్కారు. ఇంజను స్టార్టయింది. హారన్ మోగింది. పిల్లలు ఉలిక్కిపడి లేవబోయారు.

"కూర్చోండి," అన్నాను.

ప్రేమ్ సాగర్ తల బయటపెట్టాడు. "ఏందీ మేడం ఇది? బెంచీలు తీయండి!"

"క్లాసు జరుగుతాండాది. టైం టేబుల్లో గంటుండాది, గదికి తాళముండాది, అందుకే ఈడ."

"పైకి రిపోర్టు చేస్తా!"

"చెయ్. ఎన్ని గంటలకు బయల్దేరబోతాంటే అడ్డమొచ్చినానో అది గూడా రాయి."

ఆయన తల లోపలికి లాక్కున్నాడు. అవతలి తలుపు తీసుకుని జీవరత్నం గారు దిగారు. ఎండలో కళ్లు చికిలించుకుని పిల్లల వైపు చూశారు. ఎప్పుడైనా వాళ్ల మొహాలు చూశారో లేదో నాకు అనుమానమే.

"ఎంతసేపమ్మా?"

"పాఠం పూర్తయిందాకా సార్. దినామూ ఇంతే."

ఆయన మళ్లీ కారెక్కి కూర్చున్నారు. ఉక్కకు అద్దాలు దించారు. ఇంజను ఆగిపోయింది.

"రాసుకోండి," అన్నాను. "పద్దెనిమిది వందల సంవత్సరం. నిజాం ఈ సీమనంతా కంపెనీ వాళ్లకు రాసిచ్చాడు. ఆ మాట తేల్చుకున్నది ఇక్కడ కాదు, హైదరాబాదులో. ఇక్కడున్నవాళ్లను ఒక్కరినీ అడగలేదు."

బయ్యమ్మ రాయడం ఆపి తలెత్తింది. "ఒక్కర్ని గూడా అడగలేదా మేడం?"

కారులో నలుగురూ కదలకుండా కూర్చుని ఉన్నారు. నేను డిక్కీ మీద చెయ్యి వేసి, ముందు సీటు దాకా వినపడేటట్టు ఆ వాక్యం మళ్లీ మొదటి నుంచి చెప్పాను.